మొహమాటపు ఓటు

2001లో నన్ను వెల్లింగ్టన్‌లోని ఎన్నికల ఆఫీసుకు, సీట్ల కేటాయింపు సరిచూసే విభాగానికి మార్చారు. అంతకుముందు ఇక్కడే జనాభా లెక్కల పని చేశాను. ఇంకా వెనక్కి వెళితే ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పాను. కొత్త హోదా సీనియర్ అనలిస్ట్. హోదా ఎంత పొడుగున్నా చేయవలసింది ఒక్కటే పని: మూడేళ్ళకోసారి జనం వేసిన ఓట్లను పార్లమెంటులో నూట ఇరవై సీట్లుగా మార్చే లెక్కలో తప్పు దొర్లకుండా చూడటం. "మరి మిగతా రోజులంతా ఏం చేస్తావు వదినా?" అని మా ఆడబిడ్డ ఫోన్లో ఎగతాళి చేసేది. రిహార్సల్స్ చేస్తామమ్మా, నీ పెళ్ళికి కూడా అంత హడావిడి పడలేదు అనేదాన్ని.

ఆ దశకంలో మూడు సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. నేను చెప్పబోయేది వాటిలో ఒకదాని సంగతి. ఏ ఎన్నిక, ఏ పార్టీ అని అడక్కండి. రిటైరై ఇన్నేళ్ళయినా నోరు కట్టేసుకునే అలవాటు పోలేదు, పోవాలని నాకూ లేదు.

ముందు లెక్క చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తలకెక్కదు. న్యూజిలాండులో ఓటు కాగితం ఒకటే గాని, దాని మీద ఓట్లు రెండు. ఎడమవైపు పార్టీ ఓటు, కుడివైపు అభ్యర్థి ఓటు. కుడివైపుది మన ఊరి పద్ధతే: ఆ నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళు ఎంపీ. కానీ పార్లమెంటు మొత్తంలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు రావాలో తేల్చేది ఎడమవైపు పెట్టే టిక్కు గీత. నూటికి ఐదు ఓట్లు దాటిన పార్టీలూ, కనీసం ఒక్క నియోజకవర్గమైనా గెలిచిన పార్టీలూ పంపకానికి వస్తాయి. వాటా ఎంతో తేలాక, నియోజకవర్గాల్లో నేరుగా గెలిచినవాళ్ళను అందులోంచి తీసేసి, మిగిలిన సీట్లకు పార్టీ ముందే ఇచ్చిన జాబితాలోంచి వరసగా పేర్లు పిలుస్తారు. అలా వచ్చినవాళ్ళు లిస్ట్ ఎంపీలు. వాళ్ళకు నియోజకవర్గం ఉండదు. "ఎక్కడినుంచి గెలిచాడు?" అని మనవాళ్ళు అడిగే ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

ఆ వాటా తేల్చేదే నా పని. ప్రతి పార్టీకి వచ్చిన పార్టీ ఓట్లను ఒకటితో, మూడుతో, ఐదుతో, ఏడుతో, అలా బేసి సంఖ్యలతో భాగిస్తూ పోతాం. వచ్చిన భాగఫలాలన్నిటినీ పెద్దదానినుంచి చిన్నదాకా ఒకే వరసలో పెడతాం. మొదటి నూట ఇరవైకీ ఒక్కో సీటు. బంతిలో బొబ్బట్లు వడ్డించినట్టనుకోండి. ఒకటి వేయించుకున్నవాడి ఆకలి కొంచెం తగ్గినట్టు లెక్కకట్టి, తర్వాతి బొబ్బట్టు ఆ క్షణానికి ఎవరి ఆకలి ఎక్కువగా ఉంటే వాళ్ళ ఆకులో వేస్తాం. నూట ఇరవయ్యో బొబ్బట్టుతో పళ్ళెం ఖాళీ. నూట ఇరవై ఒకటోవాడు ఆకు ముందు కూర్చునే ఉంటాడు, వడ్డించేవాడు మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోతాడు.

ఈ లెక్కను కంప్యూటరు చేస్తుంది. తర్వాత ఇద్దరు మనుషులు వేరువేరు గదుల్లో కూర్చుని మొదటినుంచి చేస్తారు. మూడూ కలిస్తేనే సంతకం. ఇద్దరిలో ఒకదాన్ని నేను, రెండోవాడు గ్రెయమ్. దక్షిణ ద్వీపం మనిషి, మాట్లాడితే ఖర్చయిపోతుందన్నట్టు ఉంటాడు. లెక్క ముగిసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదని నియమం. ఉదయం టీ దగ్గర ఎదురైనా అల్లం బిస్కెట్ల డబ్బా ఇటు తోసి, కిటికీలోంచి సముద్రం చూసేవాడు. ఆ బిస్కెట్లు రాళ్ళే! టీలో ముంచకపోతే పన్ను ఊడాల్సిందే. జాన్సన్‌విల్ నుంచి సొరంగాల్లో మెలికలు తిరుగుతూ దిగే ఆ చిన్న రైలూ, స్టేషన్ బయట గొడుగును తిరగేసే గాలీ, మౌనంగా నా వైపు జరిగే ఆ బిస్కెట్ల డబ్బా, ఇవన్నీ ఇప్పుడు తలచుకుంటే ప్రాణం లేచివస్తుంది. అప్పుడు మాత్రం రోజూ గాలిని తిట్టుకుంటూనే వెళ్ళాను.

ఇక అప్పన్న మాస్టారి సంగతి. ఆయన ఫిజీ తెలుగువాడు. తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళారు. ఫిజీలో హెడ్మాస్టరు చేసి, ఆక్లండ్ పడమటివైపు హెండర్సన్‌లో స్థిరపడి, అక్కడ బడిలో పాఠాలు చెప్పేవాడు. అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు. మధ్యలో హిందీ, చివర్లో ఇంగ్లీషు. మా ఆయనకు ఆక్లండ్‌లో పరిచయమై, వెల్లింగ్టన్ వస్తే మా ఇంటికి వచ్చేవాడు. ఫిజీ ఎందుకు వదిలారని ఒకసారి అడిగితే, "ఎనభై ఏడులో ఓట్లు లెక్కెట్టి గవర్మెంటు వచ్చినాది తల్లీ. నెల తిరిగేసరికి సిపాయిలు పార్లమెంటులోకి వచ్చి తీసేసినారు. లెక్కెట్టిన ఓటు నిలవని చోట పిల్లలకి ఏటి పాఠం చెప్తాను?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. లెక్కపెట్టడమే నా ఉద్యోగం మరి.

ఆ ఎన్నికల్లో ఒక చిన్న పార్టీ ఆయన్ను తన జాబితాలో పెట్టింది. హెండర్సన్ వైపు అభ్యర్థిగా కూడా నిలబెట్టింది. అక్కడ గెలిచే ఆశ ఎవరికీ లేదు. పెద్ద పార్టీ కంచుకోట అది. వస్తే జాబితాలోంచి రావాలి. ఎన్నికల సాయంత్రం లెక్కింపు సాగుతున్నకొద్దీ మా తెరమీద వరస మారుతూ వచ్చింది. చివరికి పోలింగు కేంద్రాల ఓట్లన్నీ వచ్చాక, నూట ఇరవయ్యో స్థానంలో ఆ చిన్న పార్టీ నిలిచింది. జాబితాలో ఆ సీటుకు వచ్చే పేరు అప్పన్న మాస్టారిది. దేశం మొత్తంలో చిట్టచివరి సీటు!

మర్నాడు పొద్దున్నే శ్రీకాంత్ ఫోను. ఆక్లండ్ తెలుగు సంఘం కార్యదర్శి, భీమవరం కుర్రాడు, మౌంట్ ఆల్బర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. "మేడమ్, మనోడు ఎంపీ అయిపోయాడండీ! సన్మానం పెడుతున్నాం, మీరు తప్పకుండా రావాలి." ఆగు నాయనా, ఇది తుది ఫలితం కాదన్నాను. "అదేంటండీ, టీవీలో వేసేశారు కదా" అన్నాడు.

తప్పు అతనిది కాదు. మన దేశంలో లెక్కింపు అయిందంటే అయిపోయినట్టే, సాయంత్రానికి బాణాసంచా. ఇక్కడ మాత్రం ఆ రోజు వచ్చేది తాత్కాలిక ఫలితం. సొంత నియోజకవర్గం బయట ఓటు వేసినవాళ్ళవీ, విదేశాలనుంచి వచ్చినవీ, ఆలస్యంగా నమోదైనవాళ్ళవీ ఇంకా కలపాలి, వీటిని ప్రత్యేక ఓట్లు అంటారు. ఒక్కొక్కరి అర్హత చూసి వాటిని తర్వాత లెక్కపెడతారు. మిగతా ఓట్లనూ మళ్ళీ మొదటినుంచి లెక్కిస్తారు. అందుకు దాదాపు రెండు వారాలు. ఇదంతా చెప్పాను. శ్రీకాంత్ ఓపిగ్గా విని, హాలు ఎలాగూ ఆ తర్వాతి ఆదివారానికే దొరికిందనీ, బ్యానరు మాత్రం ఆర్డరు ఇచ్చేశామనీ అన్నాడు.

ఈలోగా కొత్త సభ్యుల పరిచయ కార్యక్రమానికి పార్లమెంటు వాళ్ళు మాస్టారిని వెల్లింగ్టన్ పిలిచారు. తుది ఫలితం రాకముందే పిలవడం ఇక్కడ మామూలే. మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మెడలో తాత్కాలిక పాసు, దాన్ని చేత్తో తడుముకుంటూ కూర్చున్నాడు. రైలు స్టేషను దగ్గర ఫ్లాట్ చూశాను, ఎల్లుండి మాట ఇచ్చేస్తానన్నాడు. నేనేమీ చెప్పకూడదు, అప్పటికి చెప్పడానికి నాకు తెలిసిందీ లేదు. "ఇల్లెక్కడికి పోతుంది మాస్టారూ, తుది లెక్క రానివ్వండి" అని మాత్రం అన్నాను. నవ్వి, తలూపాడు. గారెలు ఇష్టంగా తిన్నాడు. మరో రెండు వెయ్యబోతే ఆకలి కనిపిస్తూనే ఉంది, అయినా చెయ్యి అడ్డం పెట్టి "చాలు తల్లీ, చాలు" అన్నాడు. వెళ్ళాక మా ఆయన, "పాపం, అర్ధాకలితో వెళ్ళాడు. మొహమాటానికి పోతే ఇంతే" అన్నాడు.

తుది లెక్క రోజు నా గదిలో కూర్చుని భాగిస్తూ వచ్చాను. ప్రత్యేక ఓట్లు ఒక పెద్ద పార్టీ వైపు కొంచెం మొగ్గాయి. వరస పేర్చాను. నూట ఇరవయ్యో స్థానంలో పెద్ద పార్టీ. దాని కింద, నూట ఇరవై ఒకటిలో, మాస్టారి పార్టీ. తేడా వెంట్రుకవాసి. మళ్ళీ చేశాను. అంకెలు ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు చెప్పాయి. నాకు ఏడుపు వచ్చింది, నిజంగా వచ్చింది. ముఖం కడుక్కుని వెళ్ళి నా కాగితాలు మేనేజరు బల్లమీద పెట్టాను. గ్రెయమ్ తనవి పక్కన పెట్టాడు. కంప్యూటరుది మూడోది. మూడూ అచ్చు గుద్దినట్టు కలిశాయి.

ఫలితం ప్రకటించిన సాయంత్రం మాస్టారు ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "ఇక్కడా తీసేసినారా తల్లీ?" అన్నాడు. సీటు పోయినందుకు ఆయన బాధపడటం లేదు. ఈ దేశం కూడా అలాంటిదేనా అని అడుగుతున్నాడు. ఎవరూ తియ్యలేదు మాస్టారూ అంటే నమ్మేటట్టు లేడు. "చూపించు. నా చేత్తో నాను చేసుకుంటాను. కలిస్తే నమ్ముతాను" అన్నాడు. మర్నాడు మేనేజరును అడిగాను. ప్రచురించిన ఫలితం ఎవరికైనా వివరించవచ్చు, అందుకే కదా ప్రచురించేది అన్నారు. గ్రెయమ్ విని, బిస్కెట్ల డబ్బా నా వైపు తోసి, "విమానంలో కిటికీ సీటు తీసుకో, ఆదివారం వాతావరణం బాగుంటుంది" అన్నాడు. అతని నోట అంత పొడుగు వాక్యం నేను వినలేదు.

సన్మానం ఆపేస్తారనుకున్నాను. ఆపింది లేదు. భోజనాలకు పిలిచాక రావద్దని ఎలా చెబుతాం, బాగుండదని మాస్టారే అన్నాడట. హాల్లోకి వెళ్ళగానే ఎదురుగా బ్యానరు. "మన తొలి తెలుగు" అని ఉంది. ఆ తర్వాతి "ఎంపీ"ని బంతిపూల దండ వేలాడదీసి కప్పేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కార్యక్రమానికి ముందు వెనక గదిలో మాస్టారితో కూర్చున్నాను. ప్రచురించిన పార్టీ ఓట్ల అంకెలు ఇచ్చాను. ఆయన బడి మాస్టారు కదా, కళ్ళజోడు సర్దుకుని, చివరి నాలుగైదు సీట్లు తనే భాగించాడు. నేను కల్పించుకోలేదు. చివరి భాగఫలం రాసి, గీత గీసి, కలం మూత పెట్టాడు. "అచ్ఛా. లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు. భుజాల మీంచి ఏదో దించినట్టు వెనక్కి వాలాడు. ఆ తర్వాత ఇంకెన్ని ఓట్లు వస్తే సరిపోయేవి అని అడిగాడు. భాగఫలాల తేడానుంచి అది కూడా తేలుతుంది. చెప్పాను. ఆ రోజు హాల్లో వేసిన కుర్చీలు నిండితే చాలు, అంతే. ఆయన మెచ్చుకోలుగా తలూపి, "మనోళ్ళంతా నాకే వేసినారు. అయినా అంత దగ్గరకొచ్చి ఆగినాం. ఏటి చేస్తాం" అన్నాడు.

శాలువా కప్పారు. దండలు వేశారు. జనం వరసకట్టి వచ్చి చేతులు పట్టుకున్నారు. నేను పక్కనే నిలబడ్డాను. హెండర్సన్‌లోనే ఉండే సీతామహాలక్ష్మి ఆంటీ మొదట వచ్చింది. "మీ పేరు చూసి మీకే వేశాను మాస్టారూ. ఆ రెండోదేమో, ఉగాదికి మన హాలుకొచ్చి పులిహోర తిని వెళ్ళాడు చూడండి, ఆ ఎంపీగారి పార్టీకి వేశాను. మన పులిహోర తిన్న మనిషి, బాగుండదు కదా!" ఓటు రహస్యం ఆంటీ, ఎవరికీ చెప్పకూడదు అన్నాను. "మనలో మనకు రహస్యమేంటమ్మా" అంది.

ఆమె వెనక వచ్చినాయనా అదే చెప్పాడు. ఆయన వెనక వచ్చిన హెండర్సన్‌వాళ్ళూ. ఒక ఓటు మీకు, ఒకటి వాళ్ళకు. ఇద్దరినీ సంతోషపెట్టాం, అని గర్వంగా. అందరూ కుడివైపు గీత మాస్టారికి ఇచ్చారు, ఎడమవైపుది మర్యాదకు ఇచ్చారు. కుడివైపుది ఎలాగూ నెగ్గనిది. ఆయన్ను పార్లమెంటులో కూర్చోబెట్టగలిగింది ఎడమవైపుది. చివరికి శ్రీకాంత్ వచ్చాడు. "నాకు ఆ ఛాన్సే రాలేదు సార్. మా మౌంట్ ఆల్బర్ట్ పేపర్లో మీ పేరు లేదు. వెతికి వెతికి, ఇంకెవరికో వేసి వచ్చాను." దేశంలో ఏ మూలనుంచైనా పార్టీ ఓటుతో ఆయనకు వేయవచ్చని, ఇంత సన్మానం చేయించినవాడికి తెలియదు.

నేను మాస్టారి వైపు చూడలేకపోయాను. చెప్పాలా వద్దా అని సతమతమవుతున్నాను. చెప్పాల్సిన పని పడలేదు. లెక్క అప్పుడే స్వయంగా చేసిన మనిషి, వినగానే అర్థమైపోయింది. వరస అయిపోయాక శాలువా మడత పెట్టుకుంటూ, కోపం లేకుండా, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు:

"ఎన్నికల ముందు ఇదే హాల్లో నిలబడి చెప్పినాను తల్లీ. మీకు రెండు ఓట్లున్నాయి, పేరు పక్కనది నాకివ్వండి, రెండోది మీ ఇష్టం అని. రెండూ అడిగితే ఆశపోతు అనుకుంటారని... నాను ఒక్కటే అడిగినాను." మడత పెట్టిన శాలువా చంకలో పెట్టుకుని, "అదీ పనికిరానిది అడిగినాను" అన్నాడు.

అందరూ ఆయన అడిగిందే ఇచ్చారు. ఎవరూ మాట తప్పలేదు, ఎవరూ ఏదీ తియ్యలేదు. ఆయన మొహమాటపడి ఒకటి అడిగాడు, వాళ్ళు మొహమాటపడి ఒకటి ఇచ్చారు. వడ్డించేవాడు వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

భోజనాలకు కూర్చున్నాం. సీతామహాలక్ష్మి ఆంటీయే గారెలు తెచ్చింది. ఒకటి వేసి, "ఇంకోటి వెయ్యనా మాస్టారూ?" అంది. ఆయన చెయ్యి అలవాటుగా ప్లేటు మీదికి వచ్చి, అక్కడే ఆగింది. నా వైపు చూశాడు. చెయ్యి తీసేసి, "వెయ్యమ్మా. రెండు వెయ్యి" అన్నాడు. ఆంటీ ఆశ్చర్యపోయి మూడు వేసింది.

సోమవారం ఆయన మళ్ళీ బడికి వెళ్ళాడు. తర్వాతి ఎన్నికల్లో పార్టీ ఆయన్ను జాబితాలో కిందికి దించింది, సీటు రాలేదు. అయినా ఆదివారం ఆదివారం హాల్లో నిలబడి ఓటు కాగితం బొమ్మ పెద్దది పట్టుకుని, ఏ గీత దేనికో మనవాళ్ళకు చెప్పేవాడట. తన పార్టీ అనే కాదు, ఎవరికి వేసినా తెలిసి వెయ్యండి అనేవాడట. శ్రీకాంత్ చెప్పాడు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెబుతూ వచ్చింది ఇది. భాగహారం ఎవరైనా చేస్తారు. కష్టం కాగితం మీద లేదు, గీత పెట్టేవాడి తలలో ఉంది. మా లెక్క గీతను చూస్తుంది, మర్యాదను చూడదు. అడిగేవాడు ఏది అడగాలో తెలుసుకుని అడగాలి. నోరు విప్పి అడగనిది ఏ పద్ధతీ వడ్డించదు.